గూడ్సు బండి పోయేదాకా

మా జిమ్ ఒకప్పుడు పొగాకు గోడౌను.
వాన పడితే ఇప్పటికీ గోడలు
బేళ్ళ వాసన వేస్తాయి.
నల్లపాడు వైపు వెళ్ళే పట్టాలు
కిటికీకి ఇరవై అడుగుల్లో.

సుభానీ సారు స్టాప్‌వాచీ
రెండేళ్ళ కిందట బీమ్ మీంచి పడి ఆగిపోయింది.
బాగు చేయించలేదు.
"వెల్లకిలా పడుకోండి. నడుము చాపకి అంటించండి.
కాళ్ళు లేపండి, భుజాలు లేపండి.
గూడ్సు పోయేదాకా దించొద్దు."

ప్యాసింజరైతే అదృష్టం, పదకొండు పెట్టెలు.
బొగ్గు బండైతే యాభై ఎనిమిది.
ఇరవై దాకా పొట్ట నాది.
ముప్ఫై దాటాక ఎవరిదో.
నలభయ్యో వ్యాగన్ దగ్గర
కెజియా కాళ్ళ వణుకు
నా చాపకి కూడా తెలుస్తుంది.
చివరి పెట్టెలో గార్డు
పచ్చజెండా చుట్టుకుంటూ
మా వైపు చూడకుండానే
మమ్మల్ని వదిలేస్తాడు.

స్ప్లిట్ కొలవడానికి అగ్గిపెట్టెలు.
నేలకీ తొడకీ మధ్య ఎన్ని పడితే
అంత బాకీ.
పదకొండేళ్ళప్పుడు నాకు బాకీ లేదు.
అగ్గిపుల్ల కూడా దూరేది కాదు.

పోయిన ఏడాదిలో
నాలుగంగుళాలు పెరిగాను.
అమ్మ గుమ్మానికి పెన్సిల్ గీత గీసి
"ఏపుగా ఎదిగింది" అని వీధంతా చెప్పుకుంది.
బార్ మాత్రం ఒప్పుకోలేదు.
ఊగితే పాదాలు నేలని గీరాయి.
కిప్ పోయింది.
బీమ్ మీద నా మోకాలెక్కడుందో
నేనే వెతుక్కోవాల్సి వచ్చింది.
బాకీ మూడు అగ్గిపెట్టెలు.

ఇల్లు మారిన రాత్రి
పాత ఇంట్లో స్విచ్చి ఉండే చోట
గోడ తడిమినట్టు
ఒంట్లో నా బలాన్ని తడుముకున్నాను.

"మొక్కై వంగనిది..." అని మొదలెట్టాడు
ఎవరో పిల్ల వాళ్ళ నాన్న, గుమ్మం దగ్గర.
సారు మాట పూర్తి కానివ్వలేదు.
"వంగడం ఎవరైనా వంగుతారండీ.
వంగినచోట ఆగాలి.
ఆగినచోట ఊపిరి తీసుకోవాలి.
దానికే ఇన్నేళ్ళు."

ఆ సోమవారం నుంచి నాకు మళ్ళీ ఒకటో తరగతి.
గోడకి పొట్ట ఆనించి చేతుల మీద నిలబడటం.
కాళ్ళు వాడకుండా తాడెక్కడం.
ఎనిమిదేళ్ళ పిల్లల వరసలో
కొంగలా నేనొక్కదాన్ని.

అమ్మ మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీస్తుంది.
సాయంత్రం ఇద్దరం ఒకే పంపు కింద చేతులు పెడతాం.
ఆమెవి ఎర్రగా మండుతూ,
నావి చాక్ పట్టి తెల్లగా.
బార్ చీల్చిన నా అరచేతికి
కొబ్బరినూనె రాయబోయి ఆగిపోతుంది,
వేళ్ళకింకా కారం ఉందేమోనని.
మోచేత్తో నా తల నిమురుతుంది.

ఒక ఆదివారం ఫీజు కట్టడానికి జిమ్‌కొచ్చింది.
సారు రసీదు పుస్తకం వెతుకుతుంటే
గోడవార గొంతుక్కూర్చుంది.
మడమలు పూర్తిగా నేలకి,
వీపు నిటారుగా, ఇరవై నిమిషాలు,
కాలు మార్చకుండా.
"మీ అమ్మ చీలమండలు చూడవే!" అంది కెజియా.
ఆ కూర్చోవడానికి ఎవరూ మార్కులేయలేదు కదా
అని ఇప్పుడనిపిస్తుంది.
అప్పుడు మాత్రం
రసీదు పుస్తకం త్వరగా దొరికితే బాగుండనుకున్నాను.

వచ్చే నెల జిల్లా పోటీలు.
బాకీ ఇవాళ్టికి ఒకటిన్నర.
కిప్ పదిసార్లలో ఆరు,
కెజియా లెక్కలో ఐదున్నర.

పొద్దున్నే మంచు. బొగ్గు బండి.
ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు...
సరిగ్గా మా కిటికీ ఎదురుగా
కీచుమని ఆగింది.
ముందెక్కడో ఎర్ర సిగ్నల్.

మేం సారు వైపు చూశాం.
సారు కిటికీ వైపు చూశాడు.
వ్యాగన్ అంచు మీద కాకి ఒకటి
ఇటు నడిచి, అటు నడిచి,
ఎగరకుండా అక్కడే ఉంది.

చాప కింద సన్నటి వణుకు,
బండిదో, మాదో.

ఎవరూ కాళ్ళు దించలేదు.